తొమ్మిదో రోజు నుంచి పదిహేనో రోజు దాకా

ఆ పుస్తకంలో నాకు కావలసిన పేజీనే ఎవరో చింపుకుపోయారు.

మేముండే ఖానాపురం హవేలి నుంచి షేర్ ఆటో ఎక్కి వారానికి రెండుసార్లు ఖమ్మం గ్రంథాలయానికి వెళ్లడం పెళ్లయి వచ్చినప్పటి నుంచీ నాకు అలవాటు. మా పుట్టిల్లు చర్ల దాటి ఇంకా లోపలికి, అడవి అంచున. పది పాసయ్యాక కాలేజీకి పంపే వీలు మా ఇంట్లో లేదు. ఆ తర్వాత చదివిందంతా నా అంతట నేను చదివిందే. నేలల గురించి, నక్షత్రాల గురించి, రాజ్యాంగం గురించి, తేనెటీగల గురించి. మా ఆయన కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్. డిగ్రీ చదివాడు. అయినా టీవీలో అర్థం కాని ముక్క ఏదైనా వస్తే నా మొహం వైపే చూస్తాడు. ఈ మాట గొప్పకే చెబుతున్నాను.

అంత చదివినదాన్ని, పెళ్లయి నాలుగేళ్లు గడిచి, పిల్లల కోసం మూడేళ్లుగా ఎదురుచూస్తూ, ముప్పై ఒకటో ఏట గ్రహించాను: నా ఒంటి గురించి నేను ఒక్క పేజీ కూడా చదవలేదని.

స్త్రీల ఆరోగ్యం మీద లావుపాటి తెలుగు పుస్తకం ఒకటి అద్దాల బీరువాలో, తాళం వెనక ఉంది. తాళం చెవి ఇచ్చే ఆయన నా మెట్టెలు, నల్లపూసలు చూసి అన్నాడు.

"గది ఇంటికియ్యమమ్మా. ఈడ్నే కూసొని సదువుకో."

"ఎందుకియ్యరు సార్?"

"బొమ్మలున్నయ్. పిలగాండ్ల చేతుల పడ్తది."

పోలీసు ఉద్యోగాల పరీక్షకు చదువుకునే యువకుల మధ్య కూర్చుని, పైన కరెంట్ అఫైర్స్ పత్రిక ఒకటి అడ్డం పెట్టుకుని చదివాను. గర్భాశయ ముఖద్వారం గురించిన అధ్యాయం దొరికింది. 'పక్క పేజీలోని బొమ్మ చూడండి' అని రాసి ఉంది. పక్క పేజీ లేదు. చింపిన అంచు మాత్రం పళ్లలా బయటికి కనిపిస్తోంది. చింపిన మనిషి ఆ బొమ్మను ఏం చేసుకున్నాడో నాకు తెలియదు. పరీక్షకు పనికొచ్చేది కాదు, గోడకు అంటించుకునేది కాదు. మా ఊళ్లలో బడికి దూరమైన ఆడపిల్లలు ఎంతమంది ఆ బొమ్మ కోసం ఏ అద్దాల బీరువా దాకా రాగలరు? వచ్చిన నాకు కూడా లేకుండా చేశాడు. అప్పుడు మొదలైన కోపం ఇంతవరకు చల్లారలేదు.

బొమ్మ పోయినా మాటలు మిగిలాయి. నోట్‌బుక్కులో రాసుకున్నాను. మామూలు రోజుల్లో ఆ ముఖద్వారం కిందికి, వేలికి అందేలా ఉంటుంది. తాకితే ముక్కు కొనలా గట్టిగా ఉంటుంది. అండం విడుదలయ్యే రోజులు దగ్గరపడేకొద్దీ పైకి జరుగుతుంది. పెదవిలా మెత్తబడుతుంది, కొంచెం తెరుచుకుంటుంది. కోడిగుడ్డు తెల్లసొనలాంటి తడి, వేళ్ల మధ్య తీగలా సాగుతుంది. గర్భం నిలిచేది ఆ కొద్ది రోజుల్లోనే. అవి దాటితే మళ్లీ ముక్కు కొన.

ఇంటికొచ్చి గోర్లు తీసుకున్నాను. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాను. బాత్రూంలో బకెట్ బోర్లించి దాని మీద ఒక కాలు పెట్టాను. ఎవరో కిటికీలోంచి చూస్తున్నట్టనిపించి వెనక్కి తిరిగి చూశాను. మా బాత్రూంకు కిటికీయే లేదు.

మొదటి నాలుగు రోజులు ఏమీ తెలియలేదు. ఏది ముక్కో ఏది పెదవో తెలియక, ముక్కును ఒకసారి, పెదవిని ఒకసారి ముట్టుకుని, మళ్లీ లోపల వెతికి, ఏడుపొచ్చి బయటికొచ్చాను. అయిదో రోజు దొరికింది. గుండ్రంగా, చిన్న గుంటతో. నా ఒంట్లో ముప్పై ఒక్క ఏళ్లుగా ఉన్నదాన్ని నేను మొదటిసారి తాకిన రోజు అది. సంతోషం ఏమీ కలగలేదు. 'దీనికి ఇంతకాలం పట్టిందా' అనిపించింది, అంతే.

రోజూ స్నానానికి ముందు ఒకే వేళకు చూసుకుని రాసేదాన్ని. 'కింద, ముక్కు.' 'కింద, ముక్కు.' 'కొంచెం పైన.' 'పైన, పెదవి, తీగ.' నాకు నెలసరి ఇరవై ఎనిమిది రోజులకు, తప్పితే ఒకరోజు అటూ ఇటూగా వస్తుంది. మూడు నెలలు రాశాక మూడు పేజీలను పక్కపక్కన పెట్టాను. మూడింటిలోనూ 'పెదవి, తీగ' అన్న మాటలు పదకొండు నుంచి పద్నాలుగో రోజు మధ్యనే ఉన్నాయి.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి.

మాది ప్రార్థన చేసుకునే ఇల్లు. మా అత్త చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. మూడేళ్ల కింద ఆమె నా కోసం ఒక మొక్కు పెట్టుకుంది. పిల్లలు కలిగేదాకా ప్రతి నెలా ఏడు రోజుల యెరికో ప్రార్థన. ఇశ్రాయేలీయులు ఏడు రోజులు తిరిగితే యెరికో పట్టణం గోడలు కూలిపోయాయి కదా, అలాగే నా గర్భానికి అడ్డున్న గోడలు కూలాలని. ఆరు రోజులు రోజుకొక చుట్టు, ఏడో రోజు ఏడు చుట్లు. సమాజం ఆడవాళ్లంతా పాటలు పాడుతూ మా ఇంటి చుట్టూ తిరుగుతారు. వెనక ప్రహరీకి, గోడకు మధ్య సందు సన్నం. లావుగా ఉండేవాళ్లు పక్కకు తిరిగి నడవాలి.

ప్రార్థన ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా అత్తే లెక్క కట్టింది. పాత నిబంధన ప్రకారం నెలసరి ఏడు రోజులు అపవిత్రం. ఎనిమిదో రోజు తలస్నానం చేసి ఇల్లు కడగాలి. తొమ్మిదో రోజు ప్రార్థన మొదలు. పదిహేనో రోజుతో ముగింపు. ఆ ఏడు రోజులూ భార్యాభర్తలు ఉపవాస నియమంలో ఉండాలి. అంటే మా ఆయన ముందు గదిలో చాప మీద, నేను లోపల గదిలో మంచం మీద.

తొమ్మిదో రోజు నుంచి పదిహేనో రోజు దాకా. మూడేళ్లు. ప్రతి నెలా.

పేజీలు చూస్తూ వంటింటి గట్టు పట్టుకుని నిలబడ్డాను. నాకు బిడ్డ నిలవగలిగిన రోజులు అన్నీ ఏరి, ఏరి, వాటి చుట్టూ పాటలు పాడుతూ గోడ కట్టారు. కావాలని చేసినా ఇంత సరిగ్గా కుదరదు.

ఆ మొక్కుకు మూలం ఏమిటో తర్వాత కనుక్కున్నాను. చర్చిలో ఒకామెకు ఇదే ప్రార్థన చేస్తే రెండో నెలలో కడుపు పండింది. మెల్లగా మాట కలిపి ఆమెను అడిగాను. ఆమెకు నెలసరి ముప్పై అయిదు రోజులకొకసారి వచ్చేదట. ఆమె రోజులు ప్రార్థన ముగిశాక వచ్చేవన్నమాట. వారం దూరంగా ఉన్న మొగుడు పదహారో రోజు దగ్గరికి వచ్చేవాడు, పని జరిగిపోయింది. ఆమెకు పట్టిన కొలతతో నాకు జాకెట్టు కుట్టారు.

డాక్టర్ దగ్గరికి వెళ్లలేదా అని అడగొచ్చు. వెళ్లాం, రెండుసార్లు. పక్క కుర్చీలో అత్త.

"రెగ్యులర్‌గా కలుస్తున్నారా?" అని డాక్టరమ్మ నన్నే అడిగింది.

"అవ్ మేడం, ఇద్దరు మంచిగనే ఉంటరు. కొట్లాటలు గిట్ల ఏం లేవు," అని అత్త జవాబిచ్చింది.

డాక్టరమ్మ తల ఊపి మాత్రలు రాసింది. ఏ రోజుల్లో అని అడగలేదు. బయట అరవై మంది కూర్చుని ఉన్నారు, ఆమెకు తీరిక లేదు. నేనూ నోరు విప్పలేదు. ఆ రోజు నేను నోరు విప్పకపోవడం మీద కూడా నాకు కోపమే.

మా ఊళ్లో ఆవు ఎదకొస్తే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. తోక కింద తీగ జారితే చాలు, మా నాయన పోడు పని ఆపుకుని మరీ దాన్ని ఆంబోతు దగ్గరికి తోలుకుపోయేవాడు. ఒక పూట ఆలస్యమైతే అమ్మ తిట్టేది, "ఇయ్యాల తప్పితే మళ్ల మూడు వారాలాగాలె" అని. అది చూస్తూ పెరిగినదాన్ని నేను. నాకూ అదే తీగ వస్తే జబ్బేమో అనుకుని బట్ట ఉతుక్కున్నాను. ఆవుకు చూపిన శ్రద్ధలో పావు వంతు కూడా ఎవరూ నాకు చూపలేదు. నాకు నేనైనా చూపుకోలేదు.

నోట్‌బుక్కు మా ఆయన ముందు పెట్టాను. ఆయన మూడు పేజీలూ చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"గిదంత ఎట్ల తెలిసింది నీకు?"

"ఏలితోని చూసుకున్న."

"ఏలితోనా? ఏమన్న అయితే? నువ్వేమన్న డాక్టర్వా?"

"నా ఒంట్ల ఉన్నది నేను చూసుకునుడుకు పట్టా గావాల్నా?"

ఆయన నోట్‌బుక్కు మూసి నా చేతికిచ్చాడు. అర్థమైంది ఆయనకు, తెలివితక్కువవాడు కాదు.

"మరి అమ్మకు ఎట్ల చెప్పాలె?" అన్నాడు.

"మూడేండ్లు పోయినయంటే నీకు గదొక్కటే యాదికొచ్చిందా?"

చెప్తానన్నాడు. రేపు చెప్తా, ఆదివారం చెప్తా, డ్యూటీ మారినాక చెప్తా. చెప్పకుండానే తొమ్మిదో రోజు వచ్చింది.

సాయంత్రం ఎనిమిది మంది పాటల పుస్తకాలతో వచ్చి ముందు గదిలో చాపల మీద కూర్చున్నారు. మా ఆయన మూలన తన చాప చుట్ట పక్కనే తల వంచుకుని నిలబడ్డాడు. అత్త కళ్లు మూసుకుని మొదలుపెట్టబోతోంది.

"అత్తమ్మా, ఈ వారం వద్దు," అన్నాను. "వచ్చే వారం పెట్టుకుందాం."

"ఏందే? ఒంట్ల మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్న. నాకు పిల్లలయ్యేది ఈ వారమే. ఈ వారం మేము ఏరుగ ఉండేది లేదు."

పాటల పుస్తకాలు మూతపడ్డాయి. అందరికన్నా పెద్దావిడ అడిగింది.

"నీకెవరు చెప్పిండ్రు బిడ్డా?"

"నేనే లోపల చూసుకున్న, అమ్మమ్మా. మూడు నెలల సంది."

"లోపటనా?" అని నా చేతుల వైపు చూసింది. "గోర్లు తీసుకున్నవా మరి?"

ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. అత్త మొహం మాడిపోయింది.

"సిగ్గు లేదానే? దేవుని పాటలు పట్టుకున్నోళ్ల ముంగట గవేం మాటలు?"

"గది గూడ దేవుడు చేసిందే గదా అత్తమ్మా. నెల నెల తిరుగుతున్నరు, ఏ గోడలు కూలాల్నని తిరుగుతున్నరో ఒక్కనాడన్న అడిగిండ్రా?"

పదకొండో రోజు, పద్నాలుగో రోజు, మూడు నెలలు, మూడేళ్లు, అన్నీ అక్కడే నిలబడి చెప్పాను. నా గొంతు వీధిలోకి వినిపించి ఉంటుంది. అత్త విన్నది. విన్నాక ఆమె గొంతు తగ్గింది.

"అంటే, మూడేండ్ల సంది నీకు అడ్డం పడ్డది నేనేనా?"

కాదు అత్తమ్మా అనొచ్చు. మీరు మంచికే చేశారు అనొచ్చు. గదిలో ఉన్న ఆడవాళ్లంతా నేను ఆ మాట అంటానని ఎదురుచూశారు. మా ఆయన తల ఎత్తి కళ్లతోనే బతిమాలాడు.

"అవ్," అన్నాను.

ఆమె లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆడవాళ్లు చెప్పులు వెతుక్కున్నారు. "గట్ల మొహం మీద అనుడేనా" అని మా ఆయన ఆ రాత్రి నన్ను తప్పు పట్టాడు, మంచం మీద కూర్చునే. చాప పరవలేదు.

అత్త మోకాళ్లు నల్లగా కాయలు కాచి ఉంటాయి. అవి నా కోసం కాచాయని నాకు తెలుసు. ఆమె నన్ను ద్వేషించి ఉంటే నా కోపం ఒక్కరోజులో తేలిపోయేది. ప్రేమతో మూడేళ్లు పోగొట్టిన మనిషి మీద కోపం ఎక్కడ పెట్టుకోవాలో ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. మెత్తగా చెప్పి ఉండవచ్చు. కానీ ఆ 'అవ్' నేను వెనక్కి తీసుకోను.

ఇది జరిగి నాలుగు నెలలు. ఇంకా ఏమీ నిలవలేదు. రోజులు దొరికినంత మాత్రాన బిడ్డ దొరికినట్టు కాదని కూడా పుస్తకంలోనే ఉంది. వచ్చే నెల మా ఆయన కూడా పరీక్ష చేయించుకోవాలి. ఒప్పుకున్నాడు, మొహం అటు తిప్పుకుని.

ఇవాళ పన్నెండో రోజు. పొద్దున చూసుకుంటే పైన ఉంది, పెదవి. ఆయనకు పగటి డ్యూటీ. ఫోన్ చేసి మధ్యాహ్నం పర్మిషన్ అడిగి రమ్మన్నాను.

"సార్‌కేం చెప్పాలె?"

"కడుపునొస్తుందని చెప్పు."

"నిన్న గదే చెప్పిన."

"అయితే నీ పెండ్లానికి నొస్తుందని చెప్పు. మూడేండ్ల సందని చెప్పు."

ఫోన్ పెట్టేసరికి అత్త గుమ్మంలో ఉంది. బైబిలు, కళ్లద్దాలు చేతిలో పట్టుకుని పక్కింటికి బయలుదేరింది. ఆ రోజు తర్వాత నాతో అవసరానికి తప్ప మాట్లాడదు. గేటు దగ్గర ఆగి, నా వైపు తిరక్కుండానే అంది.

"వాడు రాంగనే ముందుగాల బువ్వ పెట్టు. ఆకలికాగడు."

"ముందుగాలనో ఎనుకనో, గది నేను చూసుకుంట," అన్నాను.