కత్తివీరుడి వైద్యుడు

ఈ లోకంలో వీరులకు చరిత్రలున్నాయి, విగ్రహాలున్నాయి. వీరుడి వీపు వెనక నక్కి కూర్చుని, వాడు దూకలేకపోతే స్క్రూడ్రైవరు తీసే మనిషికి మాత్రం ఏ చరిత్రకారుడూ ఒక్క వాక్యమైనా కేటాయించలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు మాటలు.

నాణెం వేస్తే ఆడే వీడియో గేముల హాల్లో ఆ మనిషిని అందరూ డాక్టరు అంటారు. చదివింది పదో తరగతే గానీ ముప్ఫై రెండేళ్లుగా రోగులకు కొదవలేదు. విరిగిన మీటలు, నాణెం మింగి కక్కని గొంతులు, పాండురోగం పట్టిన తెరలు, అన్నీ ఆయన చేతి మీదుగానే బాగుపడ్డాయి. పోనుపోను ఆ పాత పెట్టెలు ఒక్కొక్కటే పాత ఇనుముకి వెళ్లిపోయాయి. వాటి చోట దిగిన కొత్త యంత్రాలకి జబ్బు చేస్తే కంపెనీ మనుషులే ఇస్త్రీ చొక్కాల్లో వచ్చి చూసుకుంటారు. పాతవాటిలో మిగిలింది కత్తివీరుడి పెట్టె ఒక్కటే.

కత్తివీరుడు తెర మీద బొటనవేలంత మనిషి. ఎడమ నుంచి కుడికి పరిగెత్తడం, గోతులు దూకడం, ఎదురొచ్చినవాణ్ణి నరకడం, ఇంతకుమించి ఆయనకి వేరే సంసారం లేదు. అడవి, వంతెన, గుహ, కోట అని నాలుగు మజిలీలు. వెనక్కి వెళదామంటే తెర ఒప్పుకోదు, దాటొచ్చిన చెట్టు ఇక లేనట్టే. ఈ మాత్రం దానికి బాధ్యతగల పెద్దమనుషులు కూడా మధ్యాహ్నం భోజనం మానేసి వరసలో నిలబడేవారు.

డాక్టరు తన జన్మలో వంతెన దాటి ఆడింది లేదు. కానీ పెట్టె వెనక ముక్కాలిపీట మీద కూర్చుని ఆట మొత్తం చెవులతో చూశాడు. దూకితే ఒక చప్పుడు, పడితే ఒక చప్పుడు. "అయిపోయావు, గబ్బిలం వస్తోంది," అని వరసలో వెనకున్నవాడి గొంతు వినిపించేది. వీరుడు చచ్చాక, ఆడుతున్నవాడు తిట్టేవాడు.

హాలు యజమానురాలు మాట తీరున్న మనిషి. "ఆ పెట్టె ఉన్నన్నాళ్లూ మీరూ ఉంటారు డాక్టరుగారూ," అంది ఒకసారి నవ్వుతూ. ఎంత మర్యాదగా చెప్పినా లెక్క లెక్కే: పెట్టె పోతే ఆయనా పోవాలి. ఆయనకి యాభై ఎనిమిదేళ్లు. ఊరు మొత్తం గాలించినా అలాంటి పెట్టె ఉన్న హాలు మరొకటి లేదు.

ఇక ఆ పెట్టె ఆయుష్షు సంగతి. దొంగ నకళ్లకు భయపడి, ఆ ఆట చేసినవాళ్లు లోపలి బోర్డులో ఒక రహస్య సంకేతం దాచారు. దాన్ని కాపాడేది చిన్న బ్యాటరీ. పెట్టె ఆపేసినా సరే, అది మాత్రం పనిచేస్తూ ఉండాలి. ఒక్క క్షణం ఆరిందా, సంకేతం చెరిగిపోతుంది, ఆట ఇక రాదు. బ్యాటరీ మారిస్తే ప్రమాదం, మార్చకపోతే మరణం. ఇలాంటి సందర్భాల్లో బుద్ధిమంతులు చేసే పనే డాక్టరూ పదకొండేళ్లు చేశాడు: వచ్చే నెల చూద్దాంలే అనుకున్నాడు.

గురువారం కొలిస్తే, బ్యాటరీ చివరి దశలో ఉంది.

శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి, హాలు తెరవడానికి రెండు గంటల ముందు, భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడ బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకి కాజాలు కుడుతుంది. చెయ్యి వణకదు. ఈ పనికి నాలుగు చేతులు కావాలి, ఆయనకున్నవి రెండే. ఉపాయం సులువే: సాయం బ్యాటరీ ఒకటి తెచ్చి, దాని తీగల్ని ఆవిడ బోర్డుకి అదిమి పట్టుకోవాలి. ఈలోగా ఆయన పాతది తీసి కొత్తది అతకాలి.

"ఊపిరి పీల్చుకోవచ్చా, అదీ వద్దా?" అందావిడ.

"పీల్చుకో. వదలకు."

"పెళ్లయిన దగ్గర్నుంచీ అదే కదండీ నా పని."

ఇరవై నిమిషాలు. పాతది వచ్చేసింది, కొత్తది కూర్చుంది. అతుకులు ముత్యాల్లా ఉన్నాయి. "ఇక వదిలెయ్," అన్నాడు. ఆవిడ వదిలింది. అక్కడితో మూత వేసి ఇంటికి పోతే ఈ కథ రాయాల్సిన పనే ఉండేది కాదు.

కానీ వృత్తిధర్మం అని ఒకటుంది. పనయ్యాక కొలవందే మూత వేయకూడదు. ఆయన మీటరు తీశాడు. ఆ మీటరుకి ఎర్ర తీగ గుచ్చే రంధ్రాలు రెండు: వోల్టులకి ఒకటి, ఆంపియర్లకి ఒకటి. ముందురోజు సాయంత్రం ఫ్యాను మోటారు చూస్తూ తీగని ఆంపియర్ల దాంట్లో గుచ్చి అలాగే వదిలేశాడు. అందులో ఉండగా బ్యాటరీని ముట్టుకోవడమంటే దాని రెండు కొసల్నీ ఇనపచువ్వతో కలిపేయడమే; ఆ క్షణం సంకేతానికి కరెంటు అందదు.

ముట్టుకున్నాడు. చిన్న మెరుపు వచ్చింది.

"అదేంటి, మెరిసింది?"

ఆయన మీటరు వంక చూశాడు. చూపు ఆంపియర్ల రంధ్రం దగ్గరే ఆగిపోయింది.

పెట్టె వేస్తే తెర ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఒకే పచ్చరంగు. అడవి లేదు, వీరుడు లేడు. ఆపాడు, వేశాడు. అలా ఏడుసార్లు. పక్కన చరిచాడు. చివరికి వెనక్కి వెళ్లి చెవి ఆనించాడు. ముప్ఫై రెండేళ్లలో మొదటిసారి ఆయనకి ఏమీ కనబడలేదు.

"కొత్త బ్యాటరీ ఉందిగా, మళ్లీ మొదలుపెట్టండి."

"మనిషి పోయాక ఫ్యాను వేసినట్టుంటుందే."

ఆవిడ గొంతు తగ్గించింది. "నా మాట వినండి. పాతదై పోయిందని చెప్పండి. వయసు మళ్లినవాళ్లు పోతే ఎవరూ ఆరా తియ్యరు."

ఆయన తలూపాడు.

పదింటికి యజమానురాలు వచ్చింది. పచ్చతెర చూసి నిట్టూర్చింది. "పోయిందా? వయసైపోయింది పాపం. ఎన్నాళ్లని ఉంటుంది!"

అబద్ధాన్ని ఆవిడే వండి, వడ్డించి, ముందు పెట్టింది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుంటే చాలు. నోరు తెరిచాడు కూడా.

"లేదు మేడమ్. ఇంకో పదేళ్లు బతికేది. నేనే చంపాను. మీటరు తీగ తప్పు రంధ్రంలో పెట్టి బ్యాటరీకి తాకించాను."

భార్య కళ్లు మూసుకుంది.

"ఎందుకు చెప్పారు డాక్టరుగారూ?" యజమానురాలి గొంతులో కోపం కంటే విసుగే ఎక్కువ. "కొత్త మిషన్ల దగ్గర కంపెనీవాళ్లకి సాయంగా మిమ్మల్ని పెట్టిద్దామని మొన్ననే మాట్లాడాను. ఇది విన్నాక వాటి మీద చెయ్యి వేయమని ఎలా అననూ?" పెట్టె స్విచ్చి ఆపేసింది. "మీ పని ఇవాళ్టితో సరి అనుకుందాం. కావాలంటే పెట్టె ఇంటికి తీసుకెళ్లండి."

"వద్దులెండమ్మా," అంది భార్య. "మా ఇంట్లో ఇకనుంచీ పనిలేకుండా నిలబడేవాళ్లు ఒకరు చాలు."

ఎవరూ నవ్వలేదు, అన్నావిడతో సహా.

డాక్టరు పెట్టె వెనక తలుపు తీసుకొచ్చి ఆనించాడు. దానికి ఎనిమిది స్క్రూలు. భార్య ఒక్కొక్కటే అందిస్తోంది. నాలుగోదానికి స్క్రూడ్రైవరు జారి వేలు గీసుకుంది. చొక్కాకి తుడుచుకున్నాడు.

"ఇంకెందుకండీ అవన్నీ?" అంది యజమానురాలు.

"దుమ్ము పడుతుంది మేడమ్," అని ఐదోదానికి చెయ్యి చాపాడు.