మల్లయ్య విడదీసి చూపిన రెండు పాములు

2006లో షార్జా నుంచి తూర్పు కొండలవైపు వేస్తున్న ఒక రోడ్డుకి నేను సర్వేయర్‌ని. నేను టోటల్ స్టేషన్ దగ్గర, అంటే దూరమూ కోణమూ కొలిచే యంత్రం దగ్గర నిలబడితే, ఎదుట ప్రిజం కర్ర పట్టుకునేది మల్లయ్య. కరీంనగర్ మనిషి, యాభై దాటినవాడు. మా కంపెనీకి రాకముందు పన్నెండేళ్లు ఆ చుట్టుపక్కలే వీసా ఇచ్చిన ఒక అరబ్బు యజమాని, కఫీల్ దగ్గర మేకలు కాశాడు.

మార్చిలో ఒక ఉదయం కొండల మధ్య ఎండిన వాగులో స్టాండు పాతుతున్నాను. వేడి పెనం మీద నీళ్లు చిలకరించినట్టు సుయ్‌మని చప్పుడు.

"కదలకుండ్రి సారూ!" అన్నాడు మల్లయ్య.

నా బూటుకి మూరెడు దూరంలో పింజర. చుట్టలు ఒకదానికొకటి రాసుకుంటుంటే ఆ పొలుసులే చప్పుడు చేస్తున్నాయి. డ్రైవర్ ఖాన్ పార ఎత్తుకుని పరిగెత్తుకొచ్చాడు. మల్లయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"మత్ మారో భాయ్! కొడితే సారు కాలు మీదికే దుంకుతది. దానికే భయమైతుంది. జర ఆగు."

ఎంతసేపు ఆగామో తెలీదు. చప్పుడు తగ్గింది. పాము మెల్లగా చుట్ట విప్పుకుని బండ కిందకి పాకింది. నేను గబగబా నాలుగడుగులు వెనక్కి వేశాను. మల్లయ్య మాత్రం దూరంగా గొంతుక్కూర్చుని ముచ్చటగా చూస్తున్నాడు.

"సూడుండ్రి, నీలం కలిసిన బూడిద రంగు. కింద మైదానంల ఉండేది చిన్నగ, మట్టి రంగుల ఉంటది. సప్పుడొక్కటే గని, ఇది యేరే జాతి సారూ."

నేలని బట్టి రంగు మారిందేమో అన్నాను. ఒప్పుకోలేదు. నెల తిరక్కుండా మైదానంలో రెండోదాన్నీ చూపించాడు. సైట్ కెమెరాతో దూరం నుంచే రెండింటినీ ఫోటోలు తీశాను.

షార్జాలో మేముండే రోలా ప్రాంతంలో, మా పక్క ఫ్లాట్‌లో జీవశాస్త్రం చెప్పే లెక్చరర్ ఒకాయన ఉండేవారు. ఫోటోలు చూసి, "ఇదివరకు రెండూ ఒకటే అనుకునేవారండీ. కొండల్లోదాన్ని ఈమధ్యే వేరే జాతిగా లెక్కిస్తున్నారు. ఎవరు పట్టుకున్నారీ తేడా?" అన్నారు.

మల్లయ్య గురించి చెప్పాను. తర్వాతి శుక్రవారం, సెలవు రోజున, ఆయన మాతో కొండలకి వచ్చారు. మల్లయ్య బండలు చూపిస్తూ ముందు నడిచాడు. లెక్చరర్‌గారు వెనకాలే నడుస్తూ, "వీటి పిల్లలు ఏ నెలలో కనిపిస్తాయండీ?" అని అడిగి, అతను చెప్పిందల్లా నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

ఆ నేల ఎత్తుపల్లాలన్నీ అంగుళాలతో సహా నాకు తెలుసనుకునేవాణ్ణి. ఆ రోజు నుంచి యంత్రం దింపేముందు, "ఇక్కడ నిలబడొచ్చా మల్లయ్యా?" అని అడగడం నేర్చుకున్నాను.