అమ్మగారి మాట, నాంచారమ్మ నోట

నాంచారమ్మకి పట్టుమని పదేళ్ళు లేనప్పుడు ఉప్పెన వచ్చి కోడూరు దగ్గర వాళ్ళ ఊరిని ఊడ్చేసింది. ఇంట్లో మిగిలింది తనొక్కతే. ఎవరో బందరు తీసుకొచ్చి ఈడేపల్లిలో ఓ మేష్టారి ఇంట్లో పనికి పెట్టారు. అక్కడే పెరిగింది. పెళ్ళయి వెళ్ళినా, మొగుడు పోయాక మళ్ళీ అక్కడికే వచ్చింది.

ఆ ఇంటికి మంగతాయారు కోడలిగా వచ్చిన రోజున, "అత్తగారు తినకుండా మీరు కంచం ముందు కూర్చోకూడదండీ" అని చెప్పింది నాంచారమ్మే. కొత్త కోడలు ఏడ్చింది. తర్వాత అలవాటు పడింది. అత్తగారు పోయాక తనే అమ్మగారైంది.

పోయినేడు ఆ అమ్మగారికి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది. అది తెలిసేది నాంచారమ్మ ఒక్కదానికే. మంచం దగ్గర వంగి వినేది, హాల్లోకొచ్చి చెప్పేది.

"అబ్బాయిగారు తిన్నాకే కోడలమ్మని తినమన్నారు."

"బీరువా తాళాలు నా దగ్గరే ఉంచమన్నారు."

కొడుకు శివరామకృష్ణ తలూపేవాడు.

కోడలు శ్రీలలిత గుడివాడలో లెక్చరరు. రోజూ రైల్లో వెళ్ళొస్తుంది. ఈమధ్య ఆవిడ తీరు నాంచారమ్మకి నచ్చడం లేదు. కాలేజీ నుంచి రావడం, చీరైనా మార్చకుండా అత్తగారి గదిలో దూరడం, తలుపు ఓరగా వేయడం. చీపురు పట్టుకుని గడప దాకా వెళ్తే చాలు, లోపల మాటలు ఆగిపోయేవి. ఏం నూరిపోస్తోంది? ఇల్లు రాయించుకోడానికి వేలిముద్ర గానీ వేయిస్తోందా? దుప్పటి దులిపే వంకతో పరుపు కిందంతా వెతికింది. ఏమీ దొరకలేదు. దొరకనందుకు అనుమానం ఇంకా పెరిగింది.

పైగా ఓ రోజు శ్రీలలిత, "మీరూ కూర్చోండి నాంచారమ్మా, కలిసి తిందాం" అంది. ఇన్నాళ్ళూ లేని మర్యాద ఇప్పుడెందుకట? కంచం పట్టుకుని పెరటి వసారాలోకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే శివరామకృష్ణ చెవిన వేసింది. "కోడలమ్మ తలుపేసుకుని ఏదో చేయిస్తున్నారు బాబూ."

అతను భార్యని అడిగాడు. "మీ అమ్మతో మాట్లాడుతున్నాను" అందావిడ. అతనికీ నమ్మకం కుదరలేదు.

మర్నాడు అందరూ గదిలో ఉండగా శ్రీలలిత మంచం మీద కూర్చుంది.

"అత్తయ్యా, ఆదివారం మా చెల్లి నిశ్చితార్థం. గుడివాడ వెళ్ళి రెండ్రోజులు ఉండి రానా?"

మంగతాయారు పెదాలు కదిలాయి. నాంచారమ్మ వంగి వింది.

"ఒక్క పూటలో వచ్చేయమంటున్నారండీ."

మంగతాయారు ఎడమ చేత్తో మంచాన్ని కొట్టింది.

"చూశారా, కోపం వచ్చింది."

శ్రీలలిత, రోజూ తలుపు వెనక అడిగేటట్టే, ఆ చేతిలో తన చెయ్యి పెట్టింది. "ఒక్క పూటే అన్నారా అత్తయ్యా? అవునంటే నా వేళ్ళు నొక్కండి."

చెయ్యి కదల్లేదు.

"ఉండి రమ్మన్నారా?"

ఉంగరం గుచ్చుకునేంత గట్టిగా నొక్కింది. శివరామకృష్ణ నమ్మలేక తన చెయ్యి పెట్టి అడిగాడు. అదే జవాబు. తల్లి కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి.

"నాంచారమ్మా, ఏంటిది?" అన్నాడు.

నాంచారమ్మ తల దించుకోలేదు. "నేను అబద్ధమాడలేదు బాబూ. ఒంట్లో బాగున్నప్పుడు అమ్మగారు ఏమనేవారో అదే చెప్పాను. జబ్బులో అన్న మాటలు పట్టుకుంటే ఇల్లు నడుస్తుందా?"

అది అబద్ధం కాదని శ్రీలలితకి తెలుసు. పెళ్ళైన కొత్తలో పుట్టింటికి వెళ్తానంటే 'ఒక్క పూటలో వచ్చేయి' అనే అన్నారు అత్తగారు.

శివరామకృష్ణ నాంచారమ్మ దగ్గర్నుంచి తాళాలు తీసుకుని భార్యకిచ్చాడు. నాంచారమ్మని మానిపించేద్దామన్నాడు గానీ, మంగతాయారుని లేపి కూర్చోబెట్టడం ఇంకెవరికీ చేతకాదు. ఇంకొకరు పెడితే ఆవిడ నోరు తెరవదు. అలా నాంచారమ్మ ఉండిపోయింది. రెండు పూటలూ తిండి సయించలేదు. పెద్దదిక్కంటూ ఒకరు లేని ఇంట్లో తనెవరో ఆమెకి తోచలేదు.

గుడివాడ నుంచి తిరిగొచ్చిన మర్నాడు పొద్దున, మొదటి కాఫీ శ్రీలలిత ముందుకే వచ్చింది.

"ఇవాళ కూరేం చెయ్యమంటారు అమ్మగారూ?"

"నన్నలా పిలవకండి."

"పిలవకపోతే ఎలాగండీ?" నాంచారమ్మ గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "మీరు లేనప్పుడు బాబుగారు వాళ్ళక్కయ్యతో ఫోన్లో మీ గురించి ఏదో అన్నారు. చెప్పమంటారా?"

వద్దనాలనుకుంది శ్రీలలిత. భర్త పెరట్లో మొక్కలకి నీళ్ళు పోస్తున్న చప్పుడు వినబడుతోంది. గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ఏమన్నారు?" అంది.