బానెట్ ఎత్తని డ్రైవరు

మా పక్కింటి బస్సన్నయ్య స్టీరింగు పట్టుకున్నాడంటే నోటికి తాళం పడ్డట్టే. ఉద్యోగం చేసినన్నాళ్లూ టౌన్ బస్సు నడిపాడు, అదీ ఒకటే రూటు. డిపో నుంచి మార్కెట్టు, మార్కెట్టు నుంచి పెద్దాసుపత్రి, అక్కణ్ణించి వంతెన దాటి నూలుమిల్లు గేటు. మళ్లీ వెనక్కి. బస్సులో ఆయన నెత్తి మీద ‘డ్రైవరుతో మాట్లాడరాదు’ అని బోర్డుండేది. అది ప్రయాణికుల కోసం రాసింది. బస్సన్నయ్య మాత్రం తనకోసమే రాశారనుకున్నాడు. నేను కూరగాయలకి వెళ్తూ ముందు సీట్లో కూచుని, “అన్నయ్యా, వదినకి జ్వరం తగ్గిందా?” అని అడిగితే ఉలుకూ పలుకూ ఉండేది కాదు. నూలుమిల్లు దగ్గర ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, అప్పుడు వెనక్కి తిరిగి, “తగ్గింది చెల్లెమ్మా” అనేవాడట. నేను మార్కెట్టు దగ్గరే దిగిపోయి ఉంటాను. కండక్టరు పడీ పడీ నవ్వుతూ నాకు చెప్పేవాడు.

నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, ఆయన బస్సు ఏనాడూ దారిలో ఆగిపోలేదు. ఎక్కినవాళ్లని క్షేమంగా దింపకుండా ఏ ట్రిప్పూ విడిచిపెట్టలేదు. రిటైరైన రోజు డిపోలో అందరూ ఆ మాటే అన్నారు. ఆయన సంపాదించుకున్నదల్లా ఆ ఒక్క మాటే.

రిటైరయ్యాక ఒక పాత కారు కొన్నాడు. దాని సంబరం తీరకముందే కళ్ల డాక్టరు పిడుగులాంటి మాట చెప్పాడు. చూపు అంచుల నుంచి మూసుకొస్తోందట. ఎదురుగా ఉన్నది బాగానే కనబడుతుంది, పక్కనున్నది మాత్రం కనబడదు, గొట్టంలోంచి చూసినట్టు. “చీకటి పడ్డాక స్టీరింగు ముట్టుకోవద్దు. పగలైతే ఖాళీ రోడ్డు మీద ఇంకొన్నాళ్లు. ఆ తర్వాత అదీ వద్దు” అన్నాడు. ఆ కొన్నాళ్లూ కూడా అయిపోవచ్చాయి. కారు కూతురింటికి పంపించెయ్యాలని ఇంట్లో తేల్చుకున్నారు.

అప్పుడు వదిన, అంటే ఆయన భార్య, నా దగ్గర మనసు విప్పింది. “పెళ్లయిన దగ్గర్నించీ ఈయన బండిలో నాది వెనక సీటే. ఈయన మెడ వెనక భాగం తెలిసినంతగా నాకు ముఖం తెలీదు వదినా. ఒక్కసారి పక్కన కూచుని వెళ్లాలనుంది.” కొండ మీద ఒక చెరువుంది. జనం వెళ్లి గుడారాలు వేసుకుని పడుకుని వస్తుంటారు. టెంటు కూతురు ఇచ్చింది. ఆఖరి ట్రిప్పు, పక్క సీట్లో భార్య, పొద్దు గుంకేలోగా చెరువు గట్టు. బస్సన్నయ్య వదినకి మాట ఇచ్చేశాడు.

మధ్యలో నువ్వెందుకు వెళ్లావమ్మా అంటారేమో. గుడ్డతో ఇల్లెలా నిలబెడతారో చూడకుండా ఇంట్లో కూచోవడం నావల్ల అవుతుందా? వాళ్లు సామాను సర్దుతుంటే నా దుప్పటి కూడా డిక్కీలో పెట్టేశాను. వదిన చూసి నవ్వింది. ఆయన, “ముగ్గురు ప్రయాణికులా?” అని లెక్కపెట్టుకున్నాడు. తనని తాను కూడా లెక్కేసుకునే డ్రైవరుని నేనెక్కడా చూడలేదు.

ఊరు దాటి ఘాట్ రోడ్డు ఎక్కేదాకా అంతా బాగానే ఉంది. వదిన పెళ్లిచూపుల్లో కూచున్నట్టు ఒదిగి కూచుని, మధ్యమధ్య ఆయన ముఖం వైపు దొంగచూపులు చూస్తోంది. నేను వెనక సీట్లోంచి మెడ సాచి అన్నీ చూస్తున్నాను. స్టీరింగు వెనక గుండ్రటి అద్దంలో ఒక ముల్లు పైపైకి పోతోంది.

“అన్నయ్యా, ఆ ముల్లేంటి? ఎర్రగీత దాకా వచ్చేసింది.”

ఉలకలేదు.

“అన్నయ్యా, ఎర్రగీత దాటేసింది!”

పలకలేదు. ఇంకో మలుపు తిరిగేసరికి బానెట్ సందుల్లోంచి తెల్లటి పొగ బుస్సున లేచింది. బండి రెండుసార్లు దగ్గింది. ఆయన కంగారు పడకుండా, లారీలు ఆపుకునే చదును నేలలోకి మెల్లగా దింపి, ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, అప్పుడు నోరు తెరిచాడు.

“ప్రయాణికులు కొండ వైపు దిగండి. లోయ వైపు ఎవరూ పోకండి.”

మమ్మల్ని దింపి, చక్రానికి రాయి అడ్డం పెట్టి, వచ్చే బండ్లకి గుర్తుగా కొమ్మలు విరిచి రోడ్డు మీద పరిచాడు. చెయ్యాల్సినవన్నీ చేశాడు, ఒక్క బానెట్ తప్ప. దాని ముందు చేతులు కట్టుకుని, పరాయివాళ్ల ఇంటి గుమ్మంలో నిలబడ్డట్టు నిలబడ్డాడు.

“ఎత్తండి మరి” అన్నాను.

“అది డిపో షెడ్డులో మేస్త్రీల పని చెల్లెమ్మా. మేం డ్రైవర్లం చెయ్యి వేస్తే ఊరుకోరు.”

అలవాటు కొద్దీ షెడ్డు మేస్త్రీకే ఫోను చేశాడు. నాకూ వినబడేలా పెట్టించాను.

“నీళ్లు చూశావా గురూ?” అన్నాడు మేస్త్రీ.

“ఏ నీళ్లు?”

“రేడియేటర్లో నీళ్లయ్యా! కారు కొన్నాక ఎన్నిసార్లు పోశావు?”

“నేనా? నేనెందుకు పోస్తాను?”

“మరి నేనొచ్చి పోస్తానా? రోజూ తెల్లారే నీళ్లు పోసి, ఆయిలు చూసి, గాలి కొట్టి, పెళ్లికొడుకుని చేసి నీ చేతికిచ్చేవాణ్ణి. ఇంటికెళ్లాక కూడా నేనే వస్తాననుకున్నావా? ముల్లు చూసుకోలేదూ?”

“మన బస్సులో ఆ ముల్లు ఎప్పుడు పనిచేసింది గనక? చూడ్డం మానేశాను.”

అవతల మేస్త్రీ పగలబడి నవ్వాడు. ఇవతల నేనూ నవ్వాను. వదిన నవ్వలేదు. ఆయన ముఖం చూస్తోంది. నాకూ నవ్వు ఆగిపోయింది.

“మూత మాత్రం ఇప్పుడు తియ్యకు, ముఖం కాలిపోతుంది. బాగా చల్లారనిచ్చి నీళ్లు పొయ్యి. తొందరగానే ఆపేశావు కాబట్టి బతికిపోయింది, కదులుతుంది” అని మేస్త్రీ పెట్టేశాడు.

చల్లారేదాకా ఎదురుచూశాం. పక్కన కూచుంటే వంటింట్లో పెనం చల్లారుతున్నట్టు ఇంజను టిక్కు టిక్కుమంటోంది. బస్సన్నయ్య బానెట్ వైపొకసారి, పొద్దు వైపొకసారి చూస్తున్నాడు. పొద్దు ఆయన కోసం ఆగుతుందా? చివరికి మూత తియ్యగలిగాం. తాగడానికి తెచ్చుకున్న క్యానులో నీళ్లు గడగడా తాగేసింది ఆ కారు. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. నేను చప్పట్లు కొట్టేశాను కూడా.

కానీ అప్పటికి కొండ నీడ రోడ్డంతా కప్పేసింది. ఆకాశంలో వెలుగుంది, నేల మీద లేదు.

ఆయన సీట్లో కూచున్నాడు. వదిన పక్కన కూచుంది. లైట్లు వేశాడు. చెరువు ఎంతో దూరం లేదు, పైన మలుపుల్లో చెట్ల చివర్లు కనబడుతూనే ఉన్నాయి. ఆయన చేయి గేరు మీద అలాగే ఉండిపోయింది. వెనకనుంచి నాకు కనబడేది ఆయన మెడే, అది బిగుసుకుపోయింది.

“అక్కడ రోడ్డు అంచు ఎక్కడుందో కనబడుతోందా?” అంది వదిన, చాలా నెమ్మదిగా.

ఆయన తలని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. నిలబడి పోట్లాడే మనిషైతే పోట్లాడేవాడే. బండిలో మాట్లాడని మనిషి కదా, ఇంజను ఆపాడు. హ్యాండ్ బ్రేకు లాగాడు.

“ట్రిప్పు ఇక్కడితో సరి. ఇదే ఆఖరి స్టాపు. దిగండి” అన్నాడు.

“మీరు తెచ్చింది క్షేమంగానే తెచ్చారు” అంది వదిన.

దిగి ఆ చదును చివరికి వెళ్లి నిలబడ్డాం. అప్పుడు చూశాను. మా ఊరు మా కాళ్ల కింద ఉంది. ఇన్నేళ్లూ అందులో తిరిగాను గానీ, అది ఇంత ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. చూస్తుండగానే ఒక మూల వీధిదీపం వెలిగింది. దాని పక్కన ఇంకొకటి. ఎవరో చీకట్లో జరీ దారంతో కుట్టు వేసుకుంటూ పోతున్నట్టు, దీపాలు ఒకదాని వెనక ఒకటి పాకుతూ వంపు తిరిగి, ఒక చోట సన్నగా సాగి, మళ్లీ గుంపై ఆగాయి.

బస్సన్నయ్య చెయ్యి చాపాడు.

“అది డిపో” అన్నాడు. “ఆ వంపు మార్కెట్టు. ఆ తెల్ల వెలుగు పెద్దాసుపత్రి. సన్నగా ఉన్నది వంతెన. ఇదిగో, ఆ గుంపు మిల్లు గేటు. ఇది నా రూటు!”

ఆ దారంతా ఆయన చూపు గొట్టంలో సరిగ్గా ఇమిడింది కాబోలు, తల కదపలేదు. ఒక చిన్న వెలుగు ముద్ద ఆ దీపాల వెంట కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది.

“ఆసుపత్రి స్టాపు. ఎవరో ముసలివాళ్లు దిగుతున్నారు, అందుకే అంతసేపు ఆపాడు. మంచి డ్రైవరే.”

“ఇంత పెద్దదాంట్లోనా మీరు రోజూ తిరిగింది?” అంది వదిన. “నేను ఇంటికీ మిల్లుకీ మధ్యనే అనుకున్నాను.”

“నేనూ అంతే అనుకున్నానే. అద్దంలోంచి ముందు బండి వెనక చక్రమే కదా చూసింది.” తల తిప్పకుండానే, “పక్కలేమున్నాయో చెప్పు” అన్నాడు.

“ఎడం పక్కంతా నల్లగా ఉంది. నదేమో.”

“నది కాదు, రైలు యార్డు.”

“కుడి పక్క ఎర్ర దీపం.”

“నీళ్ల ట్యాంకు.”

ఆమె చూసి చెబుతోంది, ఆయన పేరు పెడుతున్నాడు. ఊరు మొత్తం అలా ఒక్కో దీపమూ వాళ్ల మధ్య వెలుగుతూ వచ్చింది. ఎన్ని వేల మందిని ఆ దారంట ఇళ్లకి చేర్చి ఉంటాడీ మనిషి అనుకున్నాను. వాళ్లలో నేనూ ఉన్నాను, నా కూరగాయల సంచీ ఉంది. అడగాలంటే నా దగ్గర బోలెడు ప్రశ్నలున్నాయి. ఒక్కటీ అడగలేదు. ఈ మాట మా వీధిలో చెబితే ఇంతవరకూ ఎవరూ నమ్మలేదు.

టెంటు అక్కడే వేశాం. ఒక పక్కకి ఒరిగింది గానీ నిలబడింది.

తెల్లారి బాగా వెలుగొచ్చాక, ఆయన ముందు బానెట్ ఎత్తి నీళ్లు చూశాడు. తర్వాత మమ్మల్ని ఎక్కించుకుని చెరువుకి తీసుకెళ్లాడు. చెరువంటారా, మోకాలు లోతు నీళ్లు, ఇన్ని నాచు మొక్కలు. దానికోసం ఎవరైనా ఇంత దూరం వస్తారా అనిపించింది.

నేను చెప్పొచ్చింది చెరువు గురించి కాదు. పైకి వెళ్తుంటే రెండో మలుపులో, బండి నడుస్తుండగానే, హ్యాండ్ బ్రేకు జోలికి పోకుండానే, బస్సన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

“చెల్లెమ్మా, నిన్న ముల్లేదో అడిగావు. అది ఇంజను వేడి చూపిస్తుంది.”

వదిన ఉలిక్కిపడి ఆయన వైపు తిరిగింది. “ఏమండీ, బండి నడుపుతూ మాట్లాడుతున్నారు!”

“డ్యూటీ నిన్న సాయంత్రమే దిగిపోయాను కదా” అన్నాడు ఆయన, కళ్లు రోడ్డు మీంచి తియ్యకుండా. “ఇంకేమైనా అడుగు చెల్లెమ్మా.”