గొట్టంలోకి చూడకుండా పెట్టిన పేరు

పదవీ విరమణకు ముందటి మార్చిలో నేను కోవెంట్రీలోని ఒక ఫోరెన్సిక్ ల్యాబులో ఆయుధ పరీక్షకుణ్ణి. పోలీసులు పట్టుకొచ్చిన తుపాకీ ఏ రకమో తేల్చి కోర్టుకు నివేదిక రాయడం నా పని.

పొడుగ్గా కనబడిన ప్రతి తుపాకీనీ రైఫిల్ అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. రైఫిల్ అన్నది ఆకారానికి పెట్టిన పేరు కాదు. గీరడమనే అర్థమున్న పాత ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు గీస్తారు, అవి గుండును తిప్పుతూ సూటిగా పంపుతాయి. షాట్‌గన్ గొట్టం నున్నగా ఉంటుంది. ఇంగ్లండులో తుపాకీ ఉంచుకోవాలంటే పోలీసుల సర్టిఫికెట్ కావాలి, రైఫిల్‌కు వేరు, షాట్‌గన్‌కు వేరు.

ఆ నెల లండన్ పక్కనున్న హౌన్స్‌లో అనే ఊరి నుంచి ఒక పాత తుపాకీ వచ్చింది. యజమాని రమణ, కరీంనగర్ మనిషి, ఎయిర్‌పోర్ట్ కార్గోలో సూపర్‌వైజర్. అతని దగ్గరున్నది షాట్‌గన్ సర్టిఫికెట్ మాత్రమే. తుపాకీ పెట్టిన సంచికి కట్టిన చీటీ మీద, దాన్ని పట్టుకున్న కానిస్టేబుల్ ‘రైఫిల్’ అని రాశాడు. ఆ ఒక్క మాటతో రమణ ఎయిర్‌పోర్ట్ పాస్ ఆగిపోయింది. నేరం రుజువైతే ఉద్యోగమే పోతుంది.

కోర్టులో పావుగంట నిలబడి ఆ కానిస్టేబుల్‌ను కడిగేశాననీ, జడ్జి పెన్ను కింద పెట్టి విన్నాడనీ స్లౌలో మిత్రులకు చాలాసార్లు చెప్పాను. కేససలు కోర్టు దాకా రాలేదు.

నివేదిక బయటికి వెళ్ళే ముందు రెండో పరీక్షకుడు చూసి సంతకం చేయాలి. నా నివేదిక చూసింది హెలెన్, నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్నది.

“గొట్టంలో లైటు వేసి చూశారా?” అంది.

“ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను.”

“ఇవాళ చూశారా?”

చూడలేదు. చెక్క పిడి, పేల్చే మర సైన్యపు రైఫిల్‌వే కదా అని చీటీ మీది పేరే దించేశాను. లైటు వేస్తే లోపల అద్దంలా నున్నగా ఉంది. ఎవరో ఎన్నో దశాబ్దాల కిందటే గాడులు పోయేలా తొలిచి దాన్ని షాట్‌గన్‌గా మార్చారు. నివేదిక తిరగరాశాను. కేసు వదిలేశారు, పాస్ తిరిగొచ్చింది.

మరుసటి ఏడాది తెలుగువాళ్ళ ఉగాది సభలో, నివేదిక మీద నా పేరు చూసిన రమణ నా చేయి పట్టుకున్నాడు. “అంకుల్, మీరు లేకుంటే నా జాబ్ పోతుండె. ఇంట్ల ఏం చెప్పాల్నో తెల్వకపోతుండె.” నేను అతనిచ్చిన పచ్చడి తిన్నాను. హెలెన్ పేరు ఎత్తలేదు.

ఆ కానిస్టేబుల్ మీద ఇప్పటికీ కోపమే. కానీ గొట్టంలోకి చూడటం అతని ఉద్యోగం కాదు. నాది.