నేను అంటగట్టిన జబ్బు

నా నోటికి ఎమ్మిగనూరులో మా వీధంతా జంకుతుంది. ఆ నోరే ఇన్నేళ్ళుగా ఒక్క విషయం దగ్గర మూతపడి ఉంది. మోయలేకపోతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఓదార్పు మాత్రం వద్దు.

ఆదోనిలో ఒక కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చెబుతాను. పందొమ్మిదో శతాబ్దపు కథలంటే నాకు ప్రాణం. ముఖ్యంగా, నిక్షేపంగా ఉన్న ఆడదానికి నరాల జబ్బని పేరుపెట్టి, చదవొద్దు, రాయొద్దు, విశ్రాంతి తీసుకో అంటూ గడప దాటనివ్వని కథలు. ఆ భర్తలనూ ఆ డాక్టర్లనూ క్లాసులో చీల్చి చెండాడతాను. పిల్లలు చప్పట్లు కొడతారు. నాకు నాగవేణి గుర్తొస్తుంది.

నాగవేణి మా మరిది భార్య. ఇంటర్ చదివింది. మాది మగ్గాల ఇల్లు. పొద్దున్నే నేను బస్సెక్కితే, వంట చేసి నా ఇద్దరు పిల్లలకు తినిపించేదీ, మగ్గానికి నూలు కండెలు చుట్టేదీ ఆమే. కాన్పయ్యాక కొన్నాళ్ళు దిగులుగా ఉండి తేరుకుంది. అప్పుడే పక్క వీధి బడివాళ్ళు చిన్న తరగతులకు పాఠాలు చెప్పమని ఆమెను పిలిచారు.

మా అత్త రాట్నం ఆపి నవ్వింది. "ఇద్దరు పంతులమ్మలైతే ఇంక ఈ ఇంట్లో మగ్గం సప్పుడు ఎవురికి ఇనపడతాది? పోనీలే, పోయిరానీ. నువ్వేమంటావమ్మా, సదువుకున్నదానివి?"

నా తలలో అప్పుడున్నది ఒక్కటే. రేపటి నుంచి నా ఇంటి పని ఎవరు చేస్తారు?

"వద్దత్తా. ఆ పిల్లకుండేది నరాల బలహీనత. కాన్పయినోళ్ళకు వస్తాదని నేను సదివినా. బయట తిరిగితే ముదురుతాది, ఇంటిపట్టున విశ్రాంతి కావాల."

"నాకేమైందక్కా? బాగానే ఉండాను కదా," అంది నాగవేణి.

"ఆ జబ్బున్నోళ్ళందరూ ఇదే మాటంటారు," అన్నాను.

అంతే. ఆమె లేదన్న ప్రతిసారీ ఆ మాటే జబ్బుకు సాక్ష్యమైంది. విశ్రాంతి కావాలన్నాను కదా, మరి వంట? కండెలు? వాటికి జబ్బు అడ్డం రాలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

పితృస్వామ్యం అనొచ్చు. సెమినార్లలో అంటాను కూడా. కానీ ఆ రోజు మా మరిది నోరే తెరవలేదు, మా అత్త పంపిస్తానంది, నేను చదివిన చదువంతా పోగేసి ఆ తలుపు మూసింది నేను. ఆ కథల్లోంచి నేను నేర్చుకున్నది ఇదా?

ఇప్పుడామెకు అంగడిదాకా పోవాలన్నా తోడు కావాలి. గడప దాటితే నిజంగానే కళ్ళు తిరుగుతాయి, చేతులు చల్లబడతాయి. తనకు నరాల బలహీనత అని వచ్చినవాళ్ళకు తనే చెబుతుంది. నిజం చెబితే నమ్ముతుందా? నమ్మితే, పోయిన ఏళ్ళను ఏం చేసుకుంటుంది? చెప్పకపోవడం జాలి అని నాతో నేను చాలాసార్లు వాదించాను. జాలి కాదు. పిరికితనం.

నాగవేణికి ఏ జబ్బూ లేదు. నా సుఖం కోసం నేను పుట్టించాను.

రాసేశాను. గుండెలో ఏదో కాస్త సడలింది. ఆ తేలిక కూడా నాకే దక్కింది.