తూకానికి ఎక్కని పుస్తకం

కిందటేడు దీపావళికి ముందు ఉత్తరాదిన వైశాలిలోని మా ఫ్లాట్ శుభ్రం చేస్తూ పాత పేపర్లన్నీ కబాడీవాలాకి తూకానికి ఇచ్చేశాను. సాయంత్రం నాన్న, "నా రష్యన్ నవల ఏదమ్మా?" అని అడిగేసరికి, అదీ ఆ పేపర్లతోపాటే వెళ్లిపోయిందని అర్థమైంది.

తండ్రీకొడుకుల పగ గురించీ, దేవుడి గురించీ రాసిన నవలకి లావుపాటి తెలుగు అనువాదం అది. దేవుడు లేడనడానికి నాన్నకీ, ఉన్నాడనడానికి అమ్మకీ అదే సాక్ష్యం! చివరి రోజుల్లో అమ్మ తను చదువుతున్న పేజీలో కుంకుమ అంటిన వెంకటేశ్వరస్వామి ఫొటో పెట్టుకుంది. ఆమె పోయాక నాన్న ఆ ఫొటోని కదపనే లేదు.

మెట్రో స్టేషన్ వెనకున్న కబాడీ కొట్టుకి పరుగెత్తాను. కాగితాలన్నీ మూటలు కట్టి అప్పటికే లారీకి ఎక్కిస్తున్నారు. పుస్తకం గురించి అడిగితే కొట్టతను గోడ మీది లక్ష్మీదేవి పటం వైపు చూపించాడు. దాని కింద మా నవల, దాని ముందు వెలుగుతున్న అగరొత్తి!

"భగవాన్ కీ కితాబ్ హై దీదీ, ఇస్కో కైసే తోల్తా?" అన్నాడు. తెలుగు రాని అతను లోపలి ఫొటో చూసి, దేవుడి పుస్తకమనుకుని తూకం వెయ్యలేదట. అది నవల అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "హా భయ్యా" అని రెండు చేతులూ జోడించి, పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను.

సంగతి విని నాన్న చాలాసేపు నవ్వారు. "మీ అమ్మ వినుంటే నన్ను బతకనిచ్చేది కాదు" అన్నారు.

పండగ రోజున మిఠాయి పెట్టె పట్టుకుని నాతో ఆ కొట్టుకి వచ్చారు. ఏ గుడి ముందూ ఆగని మా నాన్న, అక్కడ బయటే చెప్పులు విడిచి లోపలికి వెళ్లారు.